చౌడు నేలల్లో చెట్ల మొలక

చౌడు నేలలో చెట్టు బతకడం కన్నా విత్తు మొలవడం కష్టం. ఎండాకాలంలో అడుగు తడి పైకి పాకి ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు పైపొరలో మిగిలిపోతుంది. ముదురు చెట్టు వేళ్లు లోతుకు దిగి తప్పించుకుంటాయి. విత్తు పడేది మాత్రం ఆ పైపొరలోనే. చుట్టూ తడి ఉన్నా ఉప్పు దాన్ని వదలదు, విత్తు నానదు. మొలిచినా సోడియం, క్లోరైడు చేరి ముదురాకుల అంచులు మాడతాయి, వేరు గిడసబారుతుంది. కారు చౌడులో వాన వెలిశాక నేల పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు ఈ కథలో నీళ్ల పాత్ర పెద్దది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లావి. మనుషుల్లో ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బు) గురించి దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. సోడియం బైకార్బొనేటు ఎక్కువై కాల్షియం తగ్గిన నీటిలో ఫ్లోరైడు బాగా కరుగుతుంది. అలాంటి బోరు నీరే నారుసంచుల్లో పోస్తూ పోతే మట్టి చౌడుబారుతుంది. ఊళ్లో ఎముకలు వంగడానికీ నర్సరీలో నారు ఎదగకపోవడానికీ మూలం ఒక్కటే కావచ్చునని గుర్తించాలి.

ఇలాంటి మెట్ట నేలలకు తగిన చెట్టు కోసం వెతుకులాట పాతదే. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విదేశీ తుమ్మ విత్తనాలు తెప్పించమని రాశాడు. మరుసటేడు కడప జిల్లా కమలాపురంలో నాటారు. కనిగిరి ప్రాంతంలో చిల్లచెట్టు అంటున్నది దాన్నే. మేకలు కాయలు తిని పెంటికల్లో గింజలు చల్లాయి, చౌడులోనూ అవి మొలిచాయి. నాటు చెట్లకు చోటు లేకుండా చేసిందీ అదే.

శాస్త్రీయ పరిశోధన ఆలస్యంగా మొదలైంది. కర్నాల్‌లో కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ 1969లో వచ్చింది. ఉప్పునీటి సాగుపై అఖిల భారత పథకం 1972లో మొదలైనప్పుడు దాని నాలుగు కేంద్రాల్లో బాపట్ల ఒకటి. మొలకలో తట్టుకున్న జాతి నారులో తట్టుకోకపోవచ్చునన్నది ఉప్పును తట్టుకునే శక్తిపై చేసే పరీక్షల్లో పదేపదే కనిపించే సంగతి.

వేప విషయంలో మరో చిక్కుంది. పండ్లు రాలేది ఎండాకాలం చివర, గింజకు మొలిచే శక్తి కొద్ది వారాలే. ఉప్పును కిందికి కడిగే గట్టి వానలు కనిగిరికి వచ్చేది అక్టోబరులో, అప్పటికి గింజ చచ్చిపోతుంది. అందుకే వేపను నేరుగా విత్తకుండా, తాజా గింజను సంచిలో వేసి చెరువు నీటితోనో వాన నీటితోనో పెంచి, వానలకు నాటడం మేలు.