బండి పాతదైనా పుస్తకం దొరుకుతుంది: జావా, బుల్లెట్ రిపేరి పుస్తకాల కథ

ఈరోజు పత్తి రేటు, బుడ్డల రేటు పక్కన పెట్టి బండ్ల సంగతి రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగు, తీరిగ్గా చదవండి.

మీ ఇంటి పంచలో నాయన తోలిన జావానో, యెజ్డీనో, బుల్లెట్టో దుమ్ము పట్టి ఉందనుకోండి. అమ్మబుద్ధి కాదు. బాగు చేయిద్దామంటే ఆ ఇంజను విప్పి ఎరిగిన మేస్త్రీ లేడు. అప్పుడు మనకు కావాల్సింది రిపేరి పుస్తకం. అది యాడ దొరుకుతుందో తెలియాలంటే ముందు బండి చరిత్ర తెలియాల.

మన హాలహర్వి పక్క ఊర్లన్నీ ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో, బళ్ళారి జిల్లా కింద ఉండె. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు ఇటు వచ్చినాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆ పంపకంలో వినబడే రెండు పేర్లు మద్రాసు, మైసూరు. మన పాత బండ్లు పుట్టింది కూడా ఆ రెండు ఊర్లలోనే.

బుల్లెట్ ఇంగ్లండు బండి. మన సైన్యానికి సరిహద్దు కాపలా కోసం కావాల్సి వచ్చి, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. మొదట్లో విడిభాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవాళ్లు, తర్వాత అన్నీ ఇక్కడే చేసినారు. 1970 నాటికి ఇంగ్లండులో కంపెనీ మూతపడింది, మద్రాసులో మాత్రం ఆగలేదు. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ అనే ఆ ఇంజను లెక్క ఇక్కడ దశాబ్దాలు నడిచింది. అందుకే ఇంగ్లండువాళ్లు ఆ కాలంలో అచ్చేసిన బుల్లెట్ పుస్తకం మన పాత బుల్లెట్‌కు చాలావరకు పనికొస్తుంది.

జావా కథ వేరే. 1929లో చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ బండిని తీసుకుని మొదలుపెట్టినాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. 1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ తెరిచినారు. 1973 నుంచి పేరు యెజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ మూతపడితే పుస్తకం అచ్చేసేవాడు ఉండడు. అసలు చిక్కు ఇక్కడే మొదలు.

ఈ బండిలో కిక్కు కొట్టే కడ్డీ, గేరు వేసే కడ్డీ రెండూ ఒకటే. కాలితో గేరు నొక్కితే క్లచ్ దానంతట అదే విడుస్తుంది. ఈ సంగతి తెలియని మేస్త్రీ సెట్టింగు తప్పు చేస్తే గేర్లు గరగరమంటాయి, క్లచ్ జారుతుంది. పాపం బండిది కాదు. పుస్తకం ఉంటే ఏ స్క్రూ ఎంత తిప్పాలో బొమ్మతో చూపిస్తుంది.

ఇంకో మాట. పుస్తకం అంటే ఒకటి కాదు, మూడు. బండితో పాటు ఇచ్చేది ఓనరు పుస్తకం. ఆయిల్ ఎంత, టైరు గాలి ఎంత, ఇంతవరకే ఉంటుంది. రెండోది పార్టుల పుస్తకం. ప్రతి బోల్టుకూ నంబరు, విడదీసిన బొమ్మ ఉంటాయి. మూడోది వర్క్‌షాపు పుస్తకం. ఇంజను విప్పే వరస, గ్యాపులు, అరుగుదల హద్దులు, వాడాల్సిన పుల్లర్లు అన్నీ ఇందులోనే. వెతికేటప్పుడు ఏది కావాలో చెప్పకపోతే మొదటిది చేతిలో పెట్టి పంపిస్తారు.

వెతికే దారి ఇది. ముందు ఆర్‌సీ, ఇంజను నంబరు, చాసిస్ నంబరు చూసి మోడలు, సంవత్సరం ఖాయం చేసుకోండి. మైసూరులో మొదట చేసిన జావా చెక్ మోడలు 353, కాబట్టి ఆ మోడలు చెక్ పుస్తకం దానికి సరిపోతుంది. యెజ్డీ రోడ్‌కింగ్‌కు అది చాలదు, దాని పుస్తకం వేరే. తర్వాత పాత బండ్ల క్లబ్బులను అడగండి. జావా, యెజ్డీ వాళ్లు ఏటా జూలై రెండో ఆదివారం ఊరూరా కలుస్తారు. పాత పుస్తకాలను స్కాన్ చేసి కాపాడింది ఎక్కువగా ఇట్లాంటి వాళ్లే. పార్టుల పుస్తకం పట్టుకుపోతే షాపులో నంబరు చెప్పి అడగొచ్చు, నోటి గుర్తులతో తిప్పలుండవు.

"ఇంగ్లీషు పుస్తకం మనకేం అర్థమవుతుంది?" అనొచ్చు మీరు. అమెరికా సైన్యానికీ ఇదే బాధ వచ్చింది. ఇంగ్లీషు వచ్చిన సిపాయిలే లావు పుస్తకాలు తెరవరు. 1951లో వాళ్లు పీఎస్ అనే పత్రిక పెట్టి, విల్ ఐస్నర్ అనే బొమ్మల ఆయనతో బండ్ల సర్వీసింగును బొమ్మల కథలుగా వేయించినారు. తప్పు చదివేవాడిది కాదు, రాసే తీరుది అని వాళ్లకు తెలిసొచ్చింది. మన తెలుగు రైతుకు అట్లా బొమ్మలతో ఎవరు రాసిచ్చినారు చెప్పండి?

ఇది పాత బండ్ల ముచ్చటే అనుకోవద్దు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చినాక కొత్త బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. స్కానరు లేకుంటే జబ్బు ఏందో తెలియడం కష్టం. అమెరికాలో ట్రాక్టరు రైతులు ఇదే పోరాటం చేసినారు. రిపేరి పుస్తకాలు, పార్టులు, సాఫ్ట్‌వేరు రైతులకు ఇవ్వాల్సిందే అని కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. మన దేశంలో 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. దాంట్లో తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పనిముట్లు ఒకటి, మోటారు బండ్లు ఒకటి. పోర్టల్ ఉంది, చట్టం ఇంకా లేదు. అడిగేవాళ్లు ఉంటేనే అది ముందుకు కదులుతుంది.

కాబట్టి మూడు పనులు చేద్దాం. ట్రాక్టరు, మోటారు, స్ప్రేయరు ఏది కొన్నా పుస్తకం అడిగి తీసుకుని ట్రంకు పెట్టెలో దాచండి, పొయ్యి కిందికి పోనీయొద్దు. కొనేటప్పుడే తెలుగు పుస్తకం ఉందా అని అడగండి, పదిమంది అడిగితే పదకొండోవానికి వస్తుంది. మీ ఊరి ముసలి మేస్త్రీ తావ కూర్చుని, ఆయన ఇంజను విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, గ్యాపుల లెక్కలు నోటుబుక్కులో రాయండి. ఏ కంపెనీ అచ్చేయని తెలుగు పుస్తకం ఆయన చేతుల్లోనే ఉంది.

మీ ఇంట్లో ఏ బండి పాత పుస్తకం ఉన్నా ఫొటో పెట్టండి. ఎవరికో ఒకరికి అదే పుస్తకం అక్కరకొస్తుంది.