మూలుగు, ఆపైన టక్

రోహిణి కార్తె. విజయవాడ సత్యనారాయణపురంలో పాత డాబా ఇంటి వంటగది. నిన్న రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచీ ఫ్రిజ్ చల్లబడటం లేదు. తలుపు తీస్తే బల్బు వెలుగుతోంది. కింది అరలో దోసెల పిండి పొంగి మూతను పైకి నెట్టేసింది. తలుపు అరలోని ఇన్సులిన్ సీసాల్ని ఇంటావిడ పొద్దున్నే పక్కింటి ఫ్రిజ్‌కి పంపేసింది. చాలా మంచి పని చేసింది. ఇంకా వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట చూస్తే ఎండ 40 దాటింది.

మెకానిక్ వచ్చాడు. సంచి కింద పెట్టాడే గాని ఏదీ ముట్టుకోలేదు, ఊరికే నిలబడి వింటున్నాడు. మీరూ పక్కనే నిలబడండి. ఫ్రిజ్ వెనక, అడుగు భాగంలో మూలుగు మొదలైంది. గుర్‌ర్‌ర్... కొన్ని సెకన్లు. టక్. ఆ తర్వాత ఏమీ లేదు. కొన్ని నిమిషాలు గడిచాక మళ్లీ అదే మూలుగు, మళ్లీ అదే టక్.

"రాత్రంతా ఇదేనా అమ్మా?"

"ఇదే బాబూ. పొద్దున ఒకతను వచ్చి చూశాడు. కంప్రెసర్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు."

"మీటరు పెట్టి చూశాడా?"

"లేదు. చెవి పెట్టి విన్నాడంతే."

మన ఇళ్లల్లో ఎన్ని మంచి కంప్రెసర్లు ఇలా మాటతోనే చచ్చిపోతున్నాయో! ఈ శబ్దం చెబుతున్నది వేరు. కరెంటు కంప్రెసర్ దాకా వస్తోంది, మోటారు తిరగాలని చూస్తోంది, తిరగలేకపోతోంది. కాలిపోకుండా ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్చు కరెంటును తెంచేస్తోంది. ఆ తెంచడమే మనం విన్న టక్. అసలు ఏ శబ్దమూ లేకపోతే దారి వేరు: థర్మోస్టాట్, వైర్లు, ఓవర్‌లోడ్ చూసుకోవాలి. ఇక్కడ మూలుగు ఉంది కాబట్టి అనుమానితులు నలుగురు: లో వోల్టేజి, స్టార్టింగ్ రిలే, పాడైన వైండింగ్, లోపల జామ్ అయిన పిస్టన్. చౌకైనవాటిని ముందు చూడాలి.

మీటరు తీసి ముందు గోడ సాకెట్లో పెట్టాడు. 224 వోల్టులు. బాగానే ఉంది కదా అని వదల్లేదు. మూలుగు మొదలయ్యేదాకా ఆగి, ఆ క్షణంలో మళ్లీ చూశాడు. 216. అంటే సాకెట్లో లూజు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు నిండుగా చూపించి, మోటారు లాగగానే 170కి పడిపోయే సాకెట్లూ, ఎక్స్‌టెన్షన్ బోర్డులూ ఎన్నో ఉంటాయి. అందుకే లోడు మీద చూడని వోల్టేజి లెక్కలోకి రాదు.

తర్వాత క్లాంప్ మీటరు. ఇలాంటి సింగిల్ డోర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు తీసుకునేది 1 ఆంపియర్ లోపే. మూలుగుతున్నంతసేపూ అంకె 7 దగ్గర నిలబడింది. టక్ అనగానే సున్నా.

ఇప్పుడు ప్లగ్ తీసేశాడు. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ బయటికి రావాల్సిందే. ఫ్రిజ్‌ని గోడకు దూరంగా జరిపితే ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. అడుగున నల్లటి కంప్రెసర్ డబ్బా చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంది. దాని మీద లేబుల్ చూడండి: ఆర్-600ఏ, పక్కన మంట బొమ్మ. అంటే లోపల ఉన్నది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. ఇలాంటి ఫ్రిజ్ దగ్గర నిప్పురవ్వ రానివ్వకూడదు. కొందరు స్క్రూడ్రైవర్‌తో పిన్నులు కలిపి మోటారును "డైరెక్టుగా" తిప్పి చూస్తారు. ఆ పని ఎంత అనుభవం ఉన్నవాడు చేసినా తప్పే. పాడైన పిన్ను ఊడి ఎగిరితే వేడి నూనె, గ్యాస్ మొహం మీదికి చిమ్ముతాయి.

పక్కనున్న ప్లాస్టిక్ మూత క్లిప్పు తీశాడు. లోపల రెండు చిన్న ముక్కలు: ఒకటి ఓవర్‌లోడ్, ఒకటి స్టార్టింగ్ రిలే, పీటీసీ రకం. రిలేని పిన్నుల మీద నుంచి నిటారుగా లాగి, చెవి దగ్గర పెట్టి ఊపాడు. మీ చేతికీ ఇచ్చాడు, ఊపండి. కలకలమంటోంది. వాసన చూడండి, మాడు వాసన.

అందులో ఉండేది రూపాయి బిళ్లంత సెరామిక్ ముక్క. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ కొన్ని పదుల ఓములే. అందుకే మొదటి క్షణంలో స్టార్టింగ్ వైండింగ్‌కి కరెంటు ధారాళంగా పోతుంది, మోటారు అందుకుంటుంది. అంతలోనే ముక్క వేడెక్కి రెసిస్టెన్స్ వేల ఓములకు ఎగబాకుతుంది, స్టార్టింగ్ వైండింగ్ దాదాపుగా పక్కకు తప్పుకుంటుంది. ఫ్రిజ్ నడిచినంతసేపూ ఆ ముక్క వేడిగానే ఉంటుంది. కరెంటు పోయిన మరుక్షణమే వస్తే అది చల్లారి ఉండదు, కాబట్టి స్టార్టింగ్ వైండింగ్‌కి చాలినంత కరెంటు అందదు. పైగా గ్యాస్ ఒత్తిడి ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా ఉండిపోయి, పిస్టన్ దాన్ని తోసుకుని కదలాలి. సన్నటి క్యాపిలరీ గొట్టంలోంచి ఆ ఒత్తిళ్లు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు కావాలి. నిన్న రాత్రి కరెంటు వెంటవెంటనే వచ్చి పోతుంటే మోటారు ప్రతిసారీ ఇలాగే పెనుగులాడింది. చివరికి ఆ ముక్క పగిలింది.

మీటరు పెట్టి చూస్తే రిలేలో అసలు కంటిన్యుటీయే లేదు.

అక్కడితో ఆగిపోతే సగం పనే. కంప్రెసర్ మూడు పిన్నులూ కొలవాలి. కామన్ నుంచి రన్నింగ్‌కి 14 ఓములు. కామన్ నుంచి స్టార్టింగ్‌కి 22. రన్నింగ్ నుంచి స్టార్టింగ్‌కి 36. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి, వచ్చింది. వైండింగ్ క్షేమం. రాగి గొట్టం మీద రంగు కాస్త గీకి, అక్కడ ఒక ప్రోబు, పిన్ను మీద ఇంకో ప్రోబు. మీటరు కదల్లేదు, బాడీ షార్ట్ లేదు. ఓవర్‌లోడ్ వేడి మీద తెగినట్టే చూపించినా, చల్లారాక కలిసింది. ఇవి పాత రకం మోటారు లెక్కలు. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో ఈ రిలే ఉండదు. మూడు పిన్నుల మధ్యా రీడింగ్ దాదాపు సమానంగా వస్తుంది, దాన్ని నడిపేది బోర్డు.

సంచిలోంచి కొత్త రిలే తీసి, పాతదాని మీది అంకెలతో సరిచూశాడు. ఏదో ఒకటి పట్టింది కదా అని తగిలించే సామాను కాదిది. ఓవర్‌లోడ్ కూడా ఆ కంప్రెసర్‌కి చెప్పిన నంబరుదే ఉండాలి. మూత పెట్టి, క్లిప్పు బిగించాకే ప్లగ్ పెట్టాడు.

క్లాంప్ మీటరు మీదే చూపు నిలపండి. 7... ఆ వెంటనే 0.8. డబ్బా ఒక్కసారి కదిలి, సన్నటి గుయ్‌మనే శబ్దంలోకి దిగింది. టక్ రాలేదు. కాసేపటికి ఫ్రీజర్ గోడ వెనక సుయ్‌మంటూ గ్యాస్ పారడం వినిపించింది, వెనక గొట్టం వెచ్చబడింది. ఒకవేళ మంచి రిలే, సరైన వోల్టేజి ఉండి కూడా తిరగకపోతే అప్పుడు పిస్టన్ జామ్ అయిందని అనుకోవాలి, కంప్రెసర్ మార్చే మాట అప్పుడు ఎత్తాలి.

"ఎంతయింది బాబూ?"

కొన్ని వందలు. కంప్రెసర్ మార్చి, గ్యాస్ నింపి ఉంటే వేలు.

మీ ఇంట్లో కరెంటు పోతే ఫ్రిజ్ స్విచ్ ఆపేయండి. వచ్చాక ఐదు నిమిషాలు ఆగి వేయండి, లేదా టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టించుకోండి. ఎవరైనా కంప్రెసర్ పోయిందంటే, డబ్బు తీసే ముందు రిలే విప్పి, మూడు పిన్నుల రీడింగ్ మీ ఎదుట చూపించమని అడగండి.