కలుపు మొక్క నుంచి పథ్యం దాకా: ఓట్స్ అట్టు పుట్టుపూర్వోత్తరాలు

ఓట్స్‌ పిండిని నీళ్లతో కలిపి వేడి రేకు మీద అట్టుగా కాల్చుకోవడం ఉత్తర ఐరోపాలో కనీసం ఏడు వందల ఏళ్లుగా ఉన్న అలవాటు. బరువు తగ్గాలనుకునేవారి ఉదయపు పలహారంగా అది మారింది మాత్రం ఇటీవలే. అంతకుముందు దాన్ని తిన్నవాళ్లు సన్నబడాలని తినలేదు. గోధుమ పండని నేలల్లో, గోధుమ కొనలేని ఇళ్లలో కడుపు నింపుకోవడానికి తిన్నారు.

ఓట్స్ మొక్క శాస్త్రీయ నామం అవెనా సటైవా. దాని అడవి పూర్వీకులు పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ చేలల్లో కలుపుగా పెరిగేవి. ఆ ధాన్యాల విత్తనాల్లో కలిసిపోయి రైతులతోపాటే ఉత్తరానికి ప్రయాణించాయి. చలి, వాన ఎక్కువైన చోట గోధుమ చేతులెత్తేస్తే, కలుపే పంటగా నిలబడింది. ఇలా కలుపు నుంచి పంటగా మారిన ధాన్యాల గురించి విస్తృతంగా రాసిన రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్, ఓట్స్‌ను అందుకు ఉదాహరణగా చూపాడు. ఐరోపాలో దీన్ని పనిగట్టుకుని సాగు చేయడం సుమారు మూడు వేల ఏళ్ల కిందట మొదలైంది. అయితే మనిషి అడవి ఓట్స్ తినడం అంతకంటే ఎంతో పాతది. దక్షిణ ఇటలీలోని పాగ్లీచీ గుహలో దొరికిన ఒక నూరుడు రాయి మీద 32 వేల ఏళ్ల నాటి ఓట్స్ పిండి రేణువులు కనిపించాయని 2015లో పరిశోధకులు వెల్లడించారు. గింజలను ముందు వేడి చేసి, ఆ తర్వాత నూరినట్టు ఆ రేణువుల తీరే చెబుతోంది. రోమన్లకు మాత్రం ఇది చిన్నచూపే. బార్లీ చెడిపోతే ఓట్స్‌గా మారుతుందని క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ప్లినీ నమ్మాడు. జర్మానిక్ తెగలు దీన్నే విత్తుకుని, దీని జావతోనే బతుకుతున్నాయనీ రాశాడు.

జావ తర్వాత ఓట్స్‌కు అట్టే సహజమైన రూపం. గోధుమ పిండి తడిపితే గ్లూటెన్ సాగి, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. అందుకే గోధుమతో రొట్టె పొంగుతుంది. ఓట్స్‌లో ఆ సాగే గుణం లేదు. ఎంత పిసికినా ముద్ద విరిగిపోతుంది, పొయ్యిలో పెడితే ఇటుకలా తయారవుతుంది. పల్చగా పరిచి పెనం మీద కాల్చడమే దానికి తగిన వంట.

ఆ వంటకు మంచి సాక్ష్యం ఒక యుద్ధ వృత్తాంతంలో ఉంది. 1327లో స్కాట్లండ్ సైన్యం ఉత్తర ఇంగ్లండ్ మీద దాడికి దిగినప్పుడు, ఇంగ్లండ్ పక్షాన వచ్చిన జాన్ ల బెల్ అనే చరిత్రకారుడు ఆ దండయాత్రలో స్వయంగా ఉన్నాడు. అతను రాసిన సంగతుల్నే తర్వాత మరో చరిత్రకారుడు ఫ్రూసార్ తన గ్రంథంలో చేర్చుకున్నాడు. స్కాట్ రౌతులు వంటపాత్రలు మోసుకెళ్లేవారు కాదట. ఒక్కొక్కరి జీను కింద చదునైన పలక, వెనక ఓట్స్ పిండి సంచి, అంతే. సగం ఉడికిన మాంసం తిని తిని కడుపు డీలా పడ్డప్పుడు పలకను నిప్పు మీద పెట్టి, పిండిలో నీళ్లు కలిపి పల్చటి రొట్టె కాల్చుకుని తినేవారు. పొట్టకు నెమ్మది అని దీన్ని తినడం చూస్తే, ఓట్స్ అట్టు పథ్యపు గుణాన్ని ఆ సైనికులే ముందు గుర్తించారనవచ్చు.

తర్వాతి కాలంలో ఈ రొట్టె ప్రాంతానికో తీరుగా మారింది. స్కాట్లండ్‌లో గట్టిగా, బిస్కెట్‌లా ఉంటుంది. యార్క్‌షైర్‌లో దీన్ని హేవర్‌కేక్ అన్నారు. అక్కడ సైన్యంలో కుర్రాళ్లను చేర్చుకునే సార్జెంట్లు కత్తి మొనకు ఈ రొట్టెను గుచ్చి ఊరేగేవారు, తిండికి లోటుండదని చెప్పడానికి. అలా 33వ రెజిమెంట్‌కు 'హేవర్‌కేక్ కుర్రాళ్లు' అనే పేరు నిలిచిపోయింది.

తెలుగువారి అట్టుకు అన్నిటికంటే దగ్గరి చుట్టం ఇంగ్లండ్‌లోని ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లో ఉంది. స్టోక్-ఆన్-ట్రెంట్ చుట్టుపక్కల పింగాణీ కార్ఖానాల ఊళ్లలో సన్నటి ఓట్స్ పిండి, కొంత గోధుమ పిండి, ఈస్ట్, ఉప్పు, గోరువెచ్చని నీళ్లు కలిపి జారుగా చేసి పులియబెడతారు. కాలిన ఇనప పలక మీద గరిటెడు పోస్తే అంచులు బిగుసుకుంటాయి, పైన సన్నటి చిల్లులు పడతాయి. అప్పుడు తిరగేసి రెండో వైపు కాలుస్తారు. మెత్తగా, మడత పెడితే విరగకుండా ఉండే ఆ అట్టులో చీజ్ గానీ బేకన్ గానీ పెట్టి చుడతారు. ఒకప్పుడు కార్మికుల వాడల్లో ఇంటి ముందుగది కిటికీలోంచే వీటిని డజన్ల లెక్కన అమ్మేవారు. అలాంటి కిటికీ దుకాణాల్లో పేరుమోసిన హాన్లీలోని 'హోల్ ఇన్ ద వాల్' 2012లో మూతపడింది. ఇండియాలో పనిచేసి వెళ్లిన స్టాఫర్డ్‌షైర్ సైనికులు ఇక్కడి రొట్టెలు తలచుకుని వీటిని చేయించుకున్నారని అక్కడ ఒక కథ వాడుకలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ నమ్మదగ్గది కాదు. ఓట్స్ రొట్టె ఆ దేశంలో అంతకు శతాబ్దాల ముందే ఉంది.

ఓట్స్‌కు ఒక పెద్ద ఇబ్బంది, త్వరగా చేదెక్కడం. మిగతా ధాన్యాల కంటే ఇందులో కొవ్వు ఎక్కువ. గింజ నలగ్గానే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ కొవ్వును విడగొడుతుంది. ఆవిరి పట్టి వేడి చేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 19వ శతాబ్దపు రెండో సగంలో ఎదిగిన మిల్లులు దీన్నే భారీ ఎత్తున అమలు చేశాయి. జర్మనీ నుంచి వలస వచ్చిన ఫెర్డినాండ్ షూమాకర్ ఆక్రన్‌లో ఓట్స్ మరపట్టడం మొదలుపెట్టాడు. రావెన్నాలోని క్వేకర్ మిల్లును 1881లో హెన్రీ క్రోవెల్ కొన్నాడు. ఆవిరిపట్టిన గింజను రోలర్ల మధ్య అదిమి అటుకులుగా చేసి, డబ్బాల్లో పెట్టి అమ్మారు. 1901లో క్వేకర్ ఓట్స్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు ఇళ్లలో మిక్సీకి వేసేది ఈ అటుకులనే.

కొలెస్టరాల్‌కు ఓట్స్ పథ్యమన్న మాట 1963లో మొదలైంది. నెదర్లాండ్స్‌కు చెందిన ద హ్రోట్, అతని సహచరులు ఓట్స్ కలిపిన రొట్టె తిన్నవారిలో కొలెస్టరాల్ తగ్గిందని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. 1980లలో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఆండర్సన్ ఓట్స్ తవుడు మీద పరిశోధించాడు. 1987లో రాబర్ట్ కొవాల్‌స్కీ కొలెస్టరాల్ తగ్గించుకోవడంపై రాసిన పుస్తకంతో అమెరికాలో ఓట్స్ తవుడుకు పిచ్చి గిరాకీ వచ్చింది. 1990 జనవరిలో హార్వర్డ్ పరిశోధకులు అంత విశేషమేమీ లేదనేసరికి అది చప్పున చల్లారింది. ఆపై చాలా అధ్యయనాలను పరిశీలించి, 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఒక నిర్ణయానికి వచ్చింది: సంతృప్త కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంలో భాగంగా రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవచ్చు.

ఈ బీటా గ్లూకాన్ నీటిలో కరిగి జిగురయ్యే పీచు. పేగుల్లో అది పైత్య రసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. వాటిని మళ్లీ తయారు చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. చెడు కొలెస్టరాల్ ఈ దారిలో సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అంతకు మించి ఆశించడం తప్పు. 3 గ్రాముల బీటా గ్లూకాన్‌కు సుమారు 75 గ్రాముల ఓట్స్ కావాలి. ఇక కేలరీల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. 100 గ్రాముల పొడి ఓట్స్‌లో సుమారు 380 కేలరీలు ఉంటాయి. బియ్యానికి ఇది తీసిపోదు. ఓట్స్ బరువును తగ్గించదు. ఆకలిని కొంతసేపు వాయిదా వేస్తుంది, మాంసకృత్తులు 13, పీచు 10 గ్రాముల దాకా ఇస్తుంది. మిగతాది తినేవారి కొలతలో ఉంది.

ఒకరికి 40 గ్రాముల అటుకులు చాలు, అంటే దాదాపు అరకప్పు. మిక్సీలో మరీ మెత్తని పొడి చేయకుండా కాస్త బరకగా ఆపాలి. పొడి మెత్తనయ్యేకొద్దీ పిండిపదార్థం త్వరగా అరిగి, రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. ఒక గుడ్డు, 100 మిల్లీలీటర్ల పాలు, చిటికెడు ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడర్ కలిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. ఈలోగా పీచు నీరు పీల్చి, గ్లూటెన్ చేయాల్సిన పనిలో కొంత తను చేస్తుంది. గుడ్డు తిననివారు బాగా మగ్గిన అరటిపండు మెదిపి వేస్తారు. సన్నని సెగ మీద, అరచేతి వెడల్పు మించకుండా పోస్తేనే తిరగేసేటప్పుడు విరగదు. చెంచా నూనెతో కలిపి మొత్తం సుమారు 320 కేలరీలు. పైన రెండు పెద్ద చెంచాల తేనె పోస్తే మరో 120 చేరతాయి. పథ్యం చెడేది సాధారణంగా అక్కడే.

తెలుగిళ్లలో స్థిరపడింది కారపు అట్టు: ఓట్స్ పొడి, బియ్యప్పిండి, బొంబాయి రవ్వ మజ్జిగలో కలిపి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర వేసి రవ్వ దోసెలా పోస్తారు. రుచికి లోటు లేదు గానీ, ఓట్స్ మూడో వంతుకు పడిపోతే దాని పేరే మిగులుతుంది, పీచు మిగలదు. పెసరట్టుకు మాంసకృత్తుల బలముంది, కొర్రలు, జొన్నలకు వాటి పీచు ఉంది. బీటా గ్లూకాన్ మాత్రం ముఖ్యంగా ఓట్స్, బార్లీల సొత్తు. కాబట్టి కొలెస్టరాల్ కోసం ఓట్స్ అట్టు వేసుకునేవారు పిండిలో సగానికి పైగా ఓట్స్ ఉండేలా చూసుకోవాలి, కొనేటప్పుడు ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఓట్స్ ఒక్కటే ఉన్నదాన్ని ఎంచుకోవాలి.