నేలలో సీసం, కాడ్మియం ఉన్నాయా? పిచ్చిమొక్కల సాక్ష్యం

నాలా గట్టున, మూతపడ్డ కార్ఖానా ప్రహరీ పక్కన, ఎవరూ నీళ్లు పోయని ఖాళీ ప్లాటులో కూడా జిల్లేడు మొలుస్తుంది. ఉర్దూలో దీన్నే ఆక్ అంటారు. దాని పక్కనే ముళ్ళ తోటకూర, గంగవాయిలి కూర అంటే మన కుల్ఫా, వయ్యారిభామ కనిపిస్తాయి. వీటి వేర్లు నీటితో పాటు నేలలో కరిగి ఉన్న లోహాలనూ పీల్చుకుంటాయి. అందుకే ఒక చోట నేల ఎంత పాడైందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు మట్టితో పాటు ఈ మొక్కలనూ ల్యాబ్‌కు తీసుకెళ్తారు.

మట్టినే పరీక్షిస్తే సరిపోదా అనే ప్రశ్న సహజం. మట్టి పరీక్ష నేలలో మొత్తం లోహం ఎంత ఉందో చెబుతుంది. అందులో ప్రాణులకు అందేది ఎంత అన్నది వేరే లెక్క. నేల పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో ఉంటే కాడ్మియం, జింక్ తేలిగ్గా కరిగి వేరుకు అందుతాయి. సున్నం ఉన్న నల్లరేగడిలో అవే లోహాలు మట్టిని పట్టుకుని ఉండిపోతాయి. ఈ తేడాను మొక్క బయటపెడుతుంది.

యూరప్‌లో, ముఖ్యంగా పోలండ్‌లో, ఈ పనికి డాండెలియన్ అనే పసుపు పూల కలుపు మొక్కను ఎక్కువగా వాడారు. ఎక్కడ చూసినా దొరకడం, ఎవరైనా గుర్తుపట్టగలగడం దాని గొప్ప. మన మైదానాల్లో అది కనిపించదు. ఇక్కడి వాతావరణానికి జిల్లేడు నప్పుతుంది. భారత్, పాకిస్తాన్, సౌదీ, ఈజిప్టుల్లో పరిశోధకులు రోడ్ల పక్క జిల్లేడు ఆకులను ఇలాగే పరీక్షించారు.

అన్ని మొక్కలూ ఒకేలా ప్రవర్తించవు. కొన్ని లోహాన్ని వేరు దగ్గరే ఆపేస్తాయి. కొన్నింటిలో నేలలో పెరిగిన కొద్దీ ఆకులోనూ పెరుగుతుంది. కొలతకు పనికొచ్చేవి ఈ రెండో రకమే. ఇంకొన్ని దురాశపరులు, నేలలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పోగేసుకుంటాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో కలపకు రసాయనాలు పట్టించిన పాత స్థలంలో పెరిగిన ఒక ఫెర్న్ ఆర్సెనిక్‌ను ఇలా పోగేస్తోందని 2001లో బయటపడింది.

లెక్క మాత్రం కష్టమైనది కాదు. ఆకులోని లోహాన్ని మట్టిలోని లోహంతో భాగిస్తారు. ఉదాహరణకు కిలో మట్టిలో 100 మిల్లీగ్రాముల సీసం, కిలో ఎండు ఆకులో 20 ఉంటే నిష్పత్తి 0.2. అదే మొక్క వేరులో 40 ఉంటే, సగమే పైకి ఎక్కిందన్నమాట. సీసం సాధారణంగా వేరులోనే ఎక్కువగా ఆగిపోతుంది. కాడ్మియం అలా కాదు, సులువుగా ఆకుకు చేరుతుంది. కూరగాయల విషయంలో ఎక్కువ భయపడాల్సింది దీనికే.

పొరపాటు జరిగేది ఎక్కువగా శాంపిల్ తీసేటప్పుడే. రోడ్డు పక్క ఆకు మీద దుమ్ము ఉంటుంది, ఆ దుమ్ములోనూ లోహం ఉంటుంది. అందుకని సగం ఆకులను కడిగి, సగం కడగకుండా పరీక్షిస్తారు. రెంటి మధ్య తేడా గాలి నుంచి వచ్చినది. దూరంగా ఉన్న శుభ్రమైన చోటు నుంచి అదే జాతి, అదే వయసు మొక్కను అదే సీజన్‌లో తెచ్చి పోల్చకపోతే వచ్చిన అంకెకు విలువ లేదు. ఆకులను ఆరబెట్టి, పొడి చేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి మిషన్‌తో కొలుస్తారు. ఇంట్లో చేసే పని కాదు. మొక్క పచ్చగా ఏపుగా ఉందంటే నేల మంచిదని, వాడిపోయిందంటే విషమని చెప్పడం కూడా కుదరదు. కంటికి కనిపించే గుర్తులు చాలాసార్లు మోసం చేస్తాయి.

హైదరాబాద్‌కు ఈ విషయం దూరమైనది కాదు. పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతాల మట్టిని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరీక్షించి, భారలోహాల కాలుష్యం ఉందని ప్రచురించారు. ఇలాంటి చోట్ల కార్ఖానా గోడ పక్కనే ఇళ్లు ఉంటాయి, పిల్లలు ఆ మట్టిలోనే ఆడతారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎంత తక్కువైతే సురక్షితం అన్న హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాల ప్రకారం కిలో ఆకుకూరలో సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది పచ్చి కూర బరువుకు వేసిన లెక్క కాబట్టి ఎండు ఆకు అంకెతో నేరుగా పోల్చకూడదు. బాగా కడిగితే దుమ్ము పోతుంది గానీ ఆకు లోపలికి చేరిన లోహం పోదు, ఉడికించినా పోదు. నాలా గట్టున ఉచితంగా దొరికే కుల్ఫా, తోటకూర కోసుకునేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మేకలను అక్కడ మేపేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కాడ్మియం మాంసంలో కంటే కలేజీ, గుర్దాల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది.