గాంధీ గంజ్‌లో దొరికిన పడవ

మా నాయిన బీదర్ గాంధీ గంజ్‌లో ఒక ఆడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాడు. కందులు, పెసలు, సోయా వచ్చే రోజుల్లో ఆ రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదు. ఒక్క బేరంలోనే కన్నడ, తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ అన్నీ వినిపిస్తాయి. మన పెద్దవాళ్లు ధాన్యాన్ని పుట్లలో లెక్కపెట్టేవాళ్లు. ఇరవై తూములైతే ఒక పుట్టి. నేను రాసేది ఆ పుట్టి గురించి కాదు. నీళ్ల మీద తిరిగే గుండ్రటి పుట్టి గురించి, దాని పక్కకు వచ్చి చేరిన ఒక ఎర్ర పడవ గురించి.

పోయిన వేసవిలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వల దారం కొనడానికి బీదర్ వచ్చాడు. గంజ్ వెనక గుజిరీ దుకాణంలో పాత డబ్బాల కింద ఎర్రటి ప్లాస్టిక్ వస్తువు ఒకటి కనిపించింది. ఎనిమిది అడుగులకు కొంచెం ఎక్కువ పొడవు, రెండు పక్కలా మొన తేలి ఉంది. పైన అంతా మూసి, నడుమ మాత్రం మనిషి దూరేంత బొక్క. నేను పశువుల నీళ్ల తొట్టి అనుకున్నాను. మామ దాన్ని తిరగేసి, అడుగు మీద అరచేయితో కొట్టి, "తొట్టి కాదు బిడ్డా, ఇది పడవ" అన్నాడు. దుకాణం అతను తూకం వేసి తొమ్మిది వందలు అడిగాడు. నాయిన వద్దన్నాడు. మామ ఇచ్చేశాడు.

మామకు పడవ మీద అంత ఆశ ఎందుకో చెప్పాలి. ఆయన ఊరు సింగూరు ప్రాజెక్టు నీళ్ల అంచున ఉంది. మంజీర నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో మొదలై, మన బీదర్ జిల్లా దాటి, తెలంగాణలో సింగూరు, నిజాంసాగర్ నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. 1956 నవంబరు 1 దాకా మామ ఊరు, మన బీదర్ రెండూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఆ రోజు నుంచి మేము మైసూరు వాళ్లం, వాళ్లు ఆంధ్రప్రదేశ్ వాళ్లం అయ్యారు అని అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. నది మాత్రం అడ్డం పెట్టుకోలేదు.

రెండేళ్ల కింద వానాకాలంలో గాలి లేచి మామ పుట్టిలోకి అల వచ్చింది. పుట్టికి మూత లేదు. లోపలికి వచ్చిన నీళ్లు లోపలే ఉంటాయి. రెండో అలకు అది మునిగింది. వల పోయింది, చేపలు పోయాయి, మామ బోర్లాపడ్డ పుట్టి అంచు పట్టుకుని చీకటి పడేదాకా నీళ్లల్లోనే ఉన్నాడు. అమ్మ ఆ రాత్రి ఫోను పట్టుకుని కూర్చున్న తీరు నాకు గుర్తుంది. అందుకే పైన మూసి ఉన్న పడవ కనిపించగానే ఆయన కళ్లు దాని మీదనే ఉన్నాయి.

పుట్టి చాలా పాతది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వ్యాపారి డొమింగో పేస్, తుంగభద్ర మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవలను చూసి రాసిపెట్టాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చు, తెడ్డు వేస్తుంటే గుండ్రంగా తిరుగుతూ పోతాయి అని. అక్కడివాళ్లు వాటిని హరిగోలు అంటారు. 1803లో మరాఠాలతో యుద్ధానికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా దక్కను నదులు దాటడానికి ఇలాంటి బుట్ట పడవలే చేయించుకున్నాడు. మామ తాత కాలంలో కూడా తోలే కట్టేవాళ్లట. తర్వాత గుడ్డకు తారు పూశారు, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టా మీద తారు. చర్మం మారుతూ వచ్చింది కానీ వెదురు అల్లిక, ముందు వైపు మోకాళ్ల మీద కూర్చుని ఒక్క తెడ్డుతో నీళ్లను తన వైపు లాక్కునే పద్ధతి మారలేదు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, అసలు గొడవ అక్కడే వచ్చింది.

మా సాంఘిక శాస్త్రం సార్ ఫొటో చూసి "దీన్ని కయాక్ అంటారు. రాళ్ల మధ్య ఉరికే నీళ్లల్లో ఆడే ఆటది" అన్నారు. తర్వాత లైబ్రరీలో, ఇంటర్నెట్‌లో వెతికాను. కయాక్ ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ జనం పడవ. అక్కడ చెట్లు పెరగవు. సముద్రం కొట్టుకొచ్చిన కట్టెలతో చట్రం కట్టి, పైన సీల్ చర్మం కుట్టేవాళ్లు. చల్లటి నీళ్లు లోపలికి వస్తే మనిషి బతకడు కాబట్టి పైన కూడా మూసి, తన తోలు అంగీని బొక్క అంచుకు కట్టుకునేవాడు. కాళ్లు చాపి కూర్చుంటాడు, తెడ్డుకు రెండు చివర్లా రెక్కలు. కనూ వేరు. ఆ మాట కరీబియన్ దీవుల జనానిది, 1492లో కొలంబస్ విని స్పెయిన్‌కు తెచ్చాడు. కనూ పైన తెరిచి ఉంటుంది, తెడ్డుకు ఒక్కటే రెక్క. ఉత్తర అమెరికాలో దాన్ని బిర్చ్ చెట్టు బెరడుతో చేసేవాళ్లు. ఎవరికి ఏది దొరికితే దానితో కట్టుకున్నారు, మనవాళ్లు వెదురు, తోలు వాడినట్టే.

ఇంగ్లండులో మాత్రం ఈ రెండు పేర్లు కలిసిపోయాయి. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు లాయరు పైన చెక్క మూత, రెండు రెక్కల తెడ్డు ఉన్న పడవ చేయించుకుని యూరపు నదుల మీద తిరిగాడు. చూస్తే కయాక్ పోలిక, ఆయన మాత్రం కనూ అన్నాడు. పేరు రాబ్ రాయ్. పుస్తకం బాగా అమ్ముడుపోయి, అక్కడ చాలామంది కయాక్‌ను కూడా కనూ అనడం మొదలుపెట్టారు.

ఇక మామ సంగతి. ఎర్ర పడవలో కాళ్లు చాపి కూర్చుంటే ఆయనకు నడుము పట్టేసింది. నీళ్లకు అంత దగ్గరగా ఉంటే వల తేలికట్టెలు కనపడవు. రెండు రెక్కల తెడ్డుకు రెండు చేతులూ కావాలి, వల ఎవరు పడతారు? "నేను పుట్టిలో కూసున్నట్టే కూసుంటా, దీన్నే మార్చుదాం" అన్నాడు. అంటే మూసిన కయాక్‌ను మూసిన కనూగా మార్చడం. ఆయనకు ఆ పేర్లు తెలియవు.

ముందు లోపలి సీటు బోల్టులు విప్పి తీసేశాడు. దాని జాగాలో గుర్రం జీను లాంటి పీట కావాలి, మోకాళ్లు రెండు పక్కలా దిగి, మడమలు వెనక్కి పోయేలా. చెప్పుల సోల్ చేసే నురగ షీట్లు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బంకతో అతికించి, కత్తితో చెక్కాడు. ఎత్తు కుదరడానికే నాలుగు రోజులు పట్టింది. ఎక్కువైతే పడవ ఊగుతుంది, తక్కువైతే చీలమండలు నలుగుతాయి. చివరికి జానెడు దగ్గర ఆగింది. మోకాళ్ల కింద కూడా నురగ ముక్కలు. పీటను పాత సీటు ఉన్న చోటే పెడితే పడవ ముక్కు పైకి లేచింది. కాళ్లు చాపినప్పుడు వాటి బరువు ముందు ఉంటుంది, మడిస్తే వెనక్కి వస్తుంది. అందుకని పీటను బెత్తెడు ముందుకు జరిపారు. ఇది మాకు తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రంలో గరిమనాభి పాఠం, మామకు చేతి లెక్క.

ఒక తప్పు కూడా చేశాడు. పాత గీతల మీద, పుట్టికి పూసినట్టే, తారు కాచి పూశాడు. ఆరాక గోటితో గీకితే అప్పడంలా ఊడి వచ్చింది. ఆ ప్లాస్టిక్ పాలిథిలిన్ రకం, దానికి తారు పట్టదు, మామూలు బంక కూడా గట్టిగా పట్టదు. పీటను నిలబెట్టడానికి బోల్టులే దిక్కయ్యాయి. ముందూ వెనకా ఖాళీలో గాలి నింపిన ట్యూబులు తోశాడు, నీళ్లు నిండినా మునగకుండా. బొక్కకు రెయిన్‌కోటు గుడ్డ, ఎలాస్టిక్‌తో లంగా కుట్టింది మా అమ్మ. వద్దు వద్దు అంటూనే కుట్టింది.

మోకాళ్లు కదలకుండా తొడల మీద రెండు పట్టీలు కావాలి. లేకపోతే పడవ ఒరిగినప్పుడు మనిషి ఒంటితో దాన్ని నిలపలేడు. మామ లారీ పట్టీలు బిగించాడు. మొదటి పరీక్ష ఛాతీ లోతు నీళ్లల్లో, ఇద్దరు చుట్టాలు అటూ ఇటూ నిలబడగా. ఒక తెడ్డు వేయగానే పడవ గిర్రున తిరిగి బోర్లాపడింది. మామ తల కింద, ఎర్రటి అడుగు పైన. బయటికి వస్తాడని చూస్తున్నాం. నేను లెక్కపెడుతున్నాను. పదకొండు దాకా వచ్చాక చుట్టాలు పడవను పట్టి తిప్పారు. కుడి కాలి బూటు పీట కింద ఇరుక్కుంది, పట్టీ బకిల్ బిగుసుకుపోయింది. అమ్మ ఒడ్డున ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక లంగా తీసి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

రెండు నెలలు పడవ గోడకు ఆనించి ఉంది. ఆ రోజుల్లోనే నాకు ఒక విషయం దొరికింది. అలాస్కా పక్కన కోడియాక్ దీవిలో అలుటిక్ అనే జనం కయాక్‌లో కాళ్లు చాపరు. గడ్డి పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క రెక్క తెడ్డు కూడా వేసేవాళ్లు. మామకు చెబితే "అయితే నాకు పిచ్చి లేదన్నమాట" అన్నాడు. ఒలింపిక్స్‌లో కూడా ఇదే ఉంది. ఉరికే నీళ్ల పోటీలు 1972లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మొదలయ్యాయి, మళ్లీ 1992 దాకా లేవు. అందులో కనూ విభాగం పడవ కూడా కయాక్ లాగే పైన మూసి ఉంటుంది, తేడా అంతా మోకాళ్లు, ఒక్క తెడ్డు. ఆడవాళ్లకు ఆ విభాగం టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో మాత్రమే పెట్టారు. ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ మొదటి బంగారు పతకం గెలిచింది. నలభై తొమ్మిదేళ్లు ఎందుకు ఆగారో నాకైతే అర్థం కాలేదు.

అమ్మను ఒప్పించింది ఈ చరిత్ర కాదు. మామ పీట అంచులు కోసి కాళ్లకు సందు చేశాడు, బూట్లు మానేశాడు. లారీ పట్టీలు తీసి, అదే గుజిరీ దుకాణం నుంచి పాత వ్యాను సీటు బెల్టులు తెచ్చి వేశాడు, బొత్తాం నొక్కితే ఊడతాయి. జీవితంలో మొదటిసారి లైఫ్ జాకెట్ కొన్నాడు. తర్వాత లోతు తక్కువ నీళ్లల్లో అమ్మ ముందు ఇరవై సార్లు కావాలని బోర్లాపడి బయటికి వచ్చాడు. ఇరవయ్యోసారి అయ్యాక అమ్మ తాళం చెవి ఇచ్చింది.

ఇప్పుడు ఆయన తెడ్డు ఒకవైపే వేస్తాడు, ముక్కు పక్కకు పోతే నీళ్లను తన వైపు లాగి సరిచేస్తాడు, పుట్టిలో నేర్చుకున్నదే. చిన్న పడవ కాబట్టి వదిలేస్తే అదీ గిర్రున తిరుగుతుంది. "పుట్టి చెల్లెలే" అంటాడు. చేపల బుట్ట మాత్రం అందులో పట్టదు. కాబట్టి చేపలకు ఇంకా పుట్టిలోనే పోతాడు, గాలి రోజుల్లో వలలు చూసి రావడానికి ఎర్రది తీస్తాడు. ఈ ఏడు వానలు మొదలయ్యాక గాలి లేచిన రెండు సాయంత్రాలు అమ్మ ఫోను చేసింది. రెండుసార్లూ మామ ఇంట్లోనే ఉన్నాడు, అన్నం తింటున్నాడు.