బల్లకట్టు, కార్నే, టీకా చీటీ: లండన్–కలకత్తా రహదారి కథ

1955 సెప్టెంబరు 1న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు యువకులు రెండు లాండ్ రోవర్ బండ్లలో లండన్ నుంచి బయలుదేరారు. 1956 మార్చి 6న సింగపూరు చేరారు. ఆ బృందంలో ఒకరైన టిమ్ స్లెసర్ 1957లో ఆ యాత్రను పుస్తకంగా ప్రచురించాడు. అదే ఏడాది ఏప్రిల్ 15న గారో-ఫిషర్ అనే వ్యక్తి ‘ఇండియామ్యాన్’ అనే బస్సులో ప్రయాణికులను ఎక్కించుకుని లండన్‌లో బయలుదేరి, జూన్ 5న కలకత్తా చేరాడు. పోవడానికి రుసుము 85 పౌండ్లు. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు యూరప్ నుంచి భారతదేశానికి వేలాదిమంది ఈ దారినే వచ్చారు.

ఈ ప్రయాణాలను సాహసగాథలుగా చెప్పుకోవడం పరిపాటి. ఎడారులు, కనుమలు, చెడిపోయిన ఇరుసులు అందులో ప్రధాన పాత్రలు. అయితే యాత్ర సాగుతుందా లేదా అన్నది చాలావరకు బండి కదలకముందే, పటాలూ కాగితాలూ పరచుకున్న బల్ల దగ్గరే తేలిపోయేది. లండన్ నుంచి కలకత్తాకు పటం మీద గీత గీయడం తేలిక. ఆ గీతను తెంపేవి మూడు: నీరు, సుంకం, రోగం. ప్రయాణ సన్నాహమంటే ఈ మూడింటినీ దాటే ఉపాయాన్ని ముందుగానే సమకూర్చుకోవడం.

మొదటి తెగింపు ఇంగ్లండు గడప దగ్గరే ఉంది. కార్లను మోసే ఓడలు డోవర్ నుంచి ఫ్రాన్సుకు నడిచేవి. అవి గాక, ఇంగ్లండులోని లిడ్ నుంచి ఫ్రాన్సులోని ల టుకేకు కార్లను విమానంలో దాటించే ఏర్పాటు కూడా ఆ రోజుల్లో ఉండేది. 1955 నాటి బృందం ఆ విమానంలోనే చానెల్ దాటింది. తరువాతి తెగింపు ఇస్తాంబుల్‌లో. బాస్ఫరస్ జలసంధి మీద 1973 అక్టోబరు 30 దాకా వంతెన లేదు. అంతవరకూ యూరప్ నుంచి ఆసియాలో అడుగుపెట్టదలచిన ప్రతి బండీ అక్కడ రేవులో వరుసకట్టి పడవ ఎక్కవలసిందే. భారతదేశం చేరాక కూడా తూర్పుగా పోదలచినవారికి బ్రహ్మపుత్ర అడ్డుపడేది. గౌహతి దగ్గర సరాయిఘాట్ వంతెన 1960ల ఆరంభంలో గాని సిద్ధం కాలేదు. కృష్ణలోనో గోదావరిలోనో బల్లకట్టు మీద బండి దాటించిన అనుభవం ఉన్న తెలుగువారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రేవులో కాలం మన చేతిలో ఉండదు. వరద వస్తే, పొగమంచు కమ్మితే, సరంగు రాకపోతే ఎదురుచూడవలసిందే.

కాబట్టి ముందుగా ఎంచుకోవలసింది దారిని కాదు, నెలను. చలికాలంలో తూర్పు టర్కీ కనుమలను మంచు కప్పేస్తుంది. జూన్ నడుమ నుంచి గంగా మైదానంలో వానలు. అస్సాం నుంచి బర్మాలోకి పోయే లీడో రోడ్డు వానలు లేని నెలల్లో తప్ప పనికిరాదు. సెప్టెంబరులో బయలుదేరితే మంచు పడకముందే అనటోలియా దాటి, వానలు వెలిసిన తరువాత భారతదేశం చేరవచ్చు. వసంతంలో బయలుదేరితే వానలకు ముందే కలకత్తాలో ఉండాలి. పై రెండు యాత్రల తేదీలు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి.

రెండవది సుంకం. పరాయి దేశంలోకి కారుతో ప్రవేశించేవాడు దానిని అక్కడే అమ్ముకోడని ఆ ప్రభుత్వానికి నమ్మకం ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానమే కార్నే అనే పత్రాల పుస్తకం. అందులో ప్రతి పుటకూ మూడు భాగాలు. దేశంలో అడుగుపెట్టినప్పుడు ఒక భాగాన్ని సుంకాధికారి చించుకుంటాడు, బయటికి పోయేటప్పుడు మరొకదాన్ని చించుకుంటాడు. రెండు ముద్రలూ పడిన మూడవ భాగం యజమాని దగ్గర మిగులుతుంది. బండి తిరిగి బయటికి పోకపోతే సుంకం చెల్లిస్తామని యజమాని స్వదేశంలోని ఆటోమొబైల్ సంఘం పూచీకత్తు ఇస్తుంది. ఆ పూచీ కోసం యజమాని ముందుగా సొమ్మో, బ్యాంకు హామీయో సమర్పించుకోవాలి. సొంత వాహనాల తాత్కాలిక దిగుమతిపై 1954లో న్యూయార్కులో కుదిరిన ఒప్పందం ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రతిపత్తి నిచ్చింది. ఒక్క రేవులో ఒక్క ముద్ర మరచిపోయినా, బండి ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు లెక్క.

మూడవది రోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఆమోదించిన అంతర్జాతీయ పారిశుద్ధ్య నిబంధనలు మరుసటి ఏడాది అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం మశూచి టీకా పత్రం మూడేళ్ళు చెల్లేది. మొదటిసారి టీకా వేయించుకున్నవారికి అది ఎనిమిది రోజుల తరువాత గాని అమలులోకి వచ్చేది కాదు. కలరా పత్రానికి ఆరు నెలల ఆయుర్దాయం ఉండేది, అదీ సూది వేసిన ఆరు రోజుల తరువాత మొదలయ్యేది. దారిలో గడువు తీరితే మధ్యలో ఏదో ఒక ఊళ్ళో మళ్ళీ సూది వేయించుకోవలసి వచ్చేది. పత్రం లేనివారిని సరిహద్దులో ఆపి, రోగం బయటపడే గడువు ముగిసేదాకా పరిశీలనలో ఉంచే అధికారం ప్రభుత్వాలకు ఉండేది.

ఈ కాగితాలు ఉత్త లాంఛనాలని నాటి యాత్రికులు చాలామంది విసుక్కున్నారు. 1972 ఆ విసుగుకు సమాధానం చెప్పింది. అంతకు రెండేళ్ళ ముందు మశూచి అఫ్ఘనిస్థాన్ వైపు నుంచి ఇరాన్‌లో ప్రవేశించి, అక్కడినుంచి ఇరాక్ చేరింది. 1972 ఫిబ్రవరిలో హజ్ యాత్ర ముగించుకుని ఇరాక్ మీదుగా బస్సులో యుగోస్లావియాలోని కొసొవోకు తిరిగివచ్చిన ఒక యాత్రికుడు ఆ రోగాన్ని తనతో తెచ్చాడు. యాత్రకు ముందు అతనికి టీకా వేశారు. అయితే అది పనిచేయలేదు. ఆ దేశంలో 1930 తరువాత మశూచి కనబడలేదు. ఒక తరం వైద్యులకు దానిని గుర్తుపట్టే అనుభవమే లేదు. రక్తస్రావంతో కూడిన తీవ్రరూపంలో రోగం వచ్చిన ఒక ఉపాధ్యాయుణ్ణి పెన్సిలిన్ వికటించిందనుకుని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి, చివరికి బెల్‌గ్రేడుకు తరలించారు. ఆయన మరణించేలోగా ఎందరికో అంటింది. మొత్తం 175 మందికి రోగం సోకింది, 35 మంది మరణించారు. ఊళ్ళను దిగ్బంధించి, రహదారులపై కాపలా పెట్టి, కోటీ ఎనభై లక్షల మందికి టీకాలు వేశాక గాని అది అదుపులోకి రాలేదు. లండన్ నుంచి ఇస్తాంబుల్ పోయే ప్రధాన రహదారి ఆ దేశం మీదుగానే, బెల్‌గ్రేడు గుండానే పోయేది.

ఈ ఉదంతం రెండు విషయాలను స్పష్టం చేసింది. పత్రం మీద ముద్ర ఉన్నంత మాత్రాన దేహంలో రక్షణ ఉన్నట్టు కాదు. అట్లాగని పత్రం వృథా అనీ కాదు; మనుషులు బస్సులెక్కి తిరిగే దారిలో రోగమూ టిక్కెట్టు లేకుండానే ప్రయాణం చేస్తుందని ఆ నియమం గుర్తుచేస్తూ వచ్చింది.

ఆ తరువాతి చరిత్ర విచిత్రమైనది. 1973లో బాస్ఫరస్ మీద వంతెన పడింది. 1975లో భారతదేశం మశూచి నుంచి విముక్తమైంది. 1980 మే నెలలో ప్రపంచమే విముక్తమైందని ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నీరూ రోగమూ తొలగిపోయిన ఆ సమయానికే దారి మూసుకుపోయింది. 1979 ఫిబ్రవరిలో ఇరాన్‌లో విప్లవం, డిసెంబరులో అఫ్ఘనిస్థాన్‌లోకి సోవియట్ సేనలు, 1980 సెప్టెంబరులో ఇరాన్–ఇరాక్ యుద్ధం. లండన్ నుంచి ఖాట్మండు దాకా నడిచిన బస్సుల రాకపోకలు దాదాపుగా ఆగిపోయాయి.

1955లో వంతెనలు లేకున్నా వాకిళ్ళు తెరిచి ఉండేవి. పావు శతాబ్దం గడిచేసరికి వంతెనలు వచ్చాయి, వాకిళ్ళు మూతపడ్డాయి. నదికి బల్లకట్టు ఉంది, రోగానికి టీకా ఉంది, సుంకానికి పూచీకత్తు ఉంది. వీటన్నిటినీ కనిపెట్టిన మనిషి, తానే గీసిన సరిహద్దు మూతపడితే దాటించే సాధనాన్ని మాత్రం ఇంకా తయారుచేసుకోలేదు.