రాకాసి చిరునామా: 1950ల చౌక సైన్స్ ఫిక్షన్ చిత్రాలు, తెలుగు జానపద చలనచిత్రం, నల్లమల అడవి

వ్యాససంగ్రహం:

1950లలో అమెరికాలో తక్కువ పెట్టుబడితో తీసిన సైన్స్ ఫిక్షన్ రాకాసి చిత్రాలు వెల్లువెత్తాయి. అదే కాలంలో మద్రాసు కేంద్రంగా సాగిన తెలుగు చిత్ర నిర్మాణంలో ఈ శాఖ వేళ్లూనలేదు. ఆ స్థానాన్ని జానపద చిత్రం ఆక్రమించింది. రెండింటి ఆర్థిక సూత్రాలు, ఛాయాగ్రహణ తంత్రాలు చాలావరకు ఒకటే. భేదమంతా రాకాసి పుట్టుకలోనూ నివాసంలోనూ ఉంది. అమెరికా రాకాసి ప్రయోగశాలలో పుట్టి పట్టణం మీద పడుతుంది. తెలుగు రాకాసి మంత్రంతో పుట్టి అడవిలో కాచుకుని ఉంటుంది. ఈ భేదం తెర మీది అడవిని ఎలా మలిచిందో, అసలైన అడవిలో జీవించే చెంచులకు ఆ తెర మీద ఏ స్థానం దక్కిందో మన్ననూరు, అమ్రాబాదు ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: జానపద చిత్రం, సైన్స్ ఫిక్షన్, మాంత్రికుడు, ట్రిక్ ఫోటోగ్రఫీ, విఠలాచార్య, నల్లమల, చెంచులు.

1. ఉపోద్ఘాతం:

తెర మీది ప్రతి రాకాసికీ ఒక రూపం, ఒక పుట్టుక, ఒక నివాసం ఉంటాయి. ప్రేక్షకులకు ఎక్కువకాలం గుర్తుండేది రూపం. ఆ చిత్రాన్ని తీసిన సమాజం దేనికి భయపడిందో తెలుసుకోవాలంటే మాత్రం పుట్టుకనూ నివాసాన్నీ పరిశీలించాలి. తెలుగు జానపద చిత్రాలను గురించిన చర్చ సాధారణంగా కథామూలాల దగ్గరో, కథానాయకుల కత్తియుద్ధాల దగ్గరో ఆగిపోతుంది. వాటిని సమకాలీన ప్రపంచ సినిమాలోని చౌక రాకాసి చిత్రాల పక్కన నిలిపి చూసినప్పుడు రెండు సమాజాల భయాలలోని తేడా స్పష్టపడుతుంది.

2. అమెరికా నమూనా - పెట్టుబడి, భయం:

1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పు వల్ల పెద్ద స్టూడియోలు తమ థియేటర్ల గొలుసులను వదులుకోవలసి వచ్చింది. టెలివిజన్ ఇళ్లలోకి ప్రవేశించడంతో ప్రేక్షకులు తగ్గారు. పెద్ద స్టూడియోలు చిన్న చిత్రాలను తగ్గించుకోగా, ఒకే టిక్కెట్టుపై రెండు చిత్రాలు చూపే థియేటర్లకూ, కార్లలో కూర్చుని చూసే డ్రైవ్ ఇన్‌లకూ సరుకు కరువైంది. ఆ ఖాళీని లిప్పర్ట్ పిక్చర్స్, అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వంటి చిన్న సంస్థలు పూరించాయి. యువ ప్రేక్షకులు, కొద్దిరోజుల చిత్రీకరణ, పేరున్న తారల అవసరం లేని కథ - ఇవే వారి సూత్రాలు. రోజర్ కోర్మన్ 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' (1960) ప్రధాన చిత్రీకరణను అప్పటికే వేసి ఉన్న సెట్టులో రెండు రోజుల్లో ముగించిన సంగతి సినీచరిత్రలో ప్రసిద్ధం.

ఈ చిత్రాల్లో రాకాసికి శాస్త్రీయమైన జన్మకారణం తప్పనిసరి. 'దెమ్' (1954)లో అణుపరీక్షల ప్రభావానికి లోనైన చీమలు భీకరాకారం దాలుస్తాయి. కోర్మన్ తీసిన 'అటాక్ ఆఫ్ ది క్రాబ్ మాన్‌స్టర్స్' (1957)లో పసిఫిక్ దీవిలోని ఎండ్రకాయలదీ అదే కథ. జపానులో వచ్చిన 'గోజిరా' (1954) చౌక చిత్రం కాకపోయినా, హిరోషిమా, నాగసాకి అనుభవించిన సమాజం అణుభయానికి ఇచ్చిన రూపమది. ఈ చిత్రాలన్నింటా రాకాసి ఆధునిక విజ్ఞానపు సంతానమే. అది బయలుదేరి నగరం వైపు వస్తుంది. నగరాన్ని కాపాడడానికి సైన్యమూ శాస్త్రవేత్తా కలిసి పనిచేస్తారు.

3. సేలం చేరిన మామత్:

ఈ ధార దక్షిణ భారతాన్ని నేరుగా తాకిన సందర్భం ఒకటుంది. సేలంలోని మోడరన్ థియేటర్స్ అధిపతి టి.ఆర్. సుందరం అమెరికన్ నిర్మాతలతో కలిసి నిర్మించిన 'ది జంగిల్' 1952లో లిప్పర్ట్ సంస్థ ద్వారా అమెరికాలో విడుదలైంది. తమిళంలో దీని పేరు 'కాడు'. దర్శకుడు విలియం బెర్క్ అంతకుముందు 'జంగిల్ జిమ్' (1948) తీసినవాడు. రాడ్ కామెరాన్, సీజర్ రొమెరో, మేరీ విండ్సర్ ప్రధాన పాత్రలు ధరించారు.

ఏనుగులు మందలుగా బెదిరి ఊళ్ల మీద పడుతుంటాయి. వాటిని తరుముతున్నవి ఏనాడో అంతరించాయనుకున్న మామత్‌లని అమెరికన్ వేటగాడు చెబుతాడు, ఎవరూ నమ్మరు. నిజం తేల్చడానికి ఒక బృందం అడవిలోకి సాగుతుంది. రచయిత కారల్ యంగ్, నటుడు రొమెరో ఇద్దరూ అంతకుముందు ఏడాది లిప్పర్ట్ చిత్రం 'లాస్ట్ కాంటినెంట్'కు పనిచేసినవారే. అందులో డైనోసార్లను బొమ్మలతో కదిలించి చూపారు. ఇక్కడ అంత శ్రమ అవసరం కాలేదు. మచ్చికైన ఏనుగులకు బొచ్చు తొడుగులు వేసి మామత్‌లుగా నడిపించారు.

ఈ చిత్రం సాధించిన కళావిజయం స్వల్పం. అయినా చరిత్రకారునికి అందులో ఒక ముఖ్యమైన సాక్ష్యం లభిస్తుంది. అమెరికన్ బృందం భారతదేశానికి వచ్చినప్పుడు ప్రయోగశాల కథను వెంట తేలేదు. ఇక్కడి రాకాసికి అణుధార్మికత అవసరం లేదని, అడవి ఉంటే చాలునని భావించింది. కాలం ఆగిపోయిన చోటుగా అడవిని ఊహించింది. ఆ అడవిలోని రహస్యాన్ని ముందుగా తెలుసుకున్నవాడు విదేశీ వేటగాడు. స్థానికులకు మిగిలింది భయం.

4. కీలు, మంత్రం, యంత్రం:

తెలుగు ప్రేక్షకుడు అప్పటికే మరో మార్గంలో అద్భుతరసానికి అలవాటుపడి ఉన్నాడు. మీర్జాపురం రాజావారి దర్శకత్వంలో వచ్చిన 'కీలుగుర్రం' (1949) శీర్షికలోనే యంత్రం ఉంది. కీలు తిప్పితే గాలిలోకి లేచే గుర్రం జానపద కథకుడు ఊహించిన వాహనం. ఆ చిత్రంలో రాణి వేషంలో అంతఃపురం చేరిన రాక్షసి రాత్రివేళల్లో జంతువులను భక్షిస్తుంది. ఎగిరే యంత్రమూ వేషం మార్చిన రాకాసీ ఒకే కథలో ఇమిడిపోయాయి. మంత్రం, యంత్రం, తంత్రం అనే మూడు మాటలను కలిపి పలికే భాషలో వాటి మధ్య గోడ పలచనిది.

కె.వి. రెడ్డి 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుని పాత్ర ఈ సంప్రదాయానికి శిఖరం. ఎస్.వి. రంగారావు ధరించిన ఆ పాత్రను అమెరికా చిత్రాల్లోని ఉన్మాద శాస్త్రవేత్తతో పోల్చవచ్చు. ఇద్దరూ ఏకాంతంలో సాధన చేస్తారు. ఇద్దరికీ హద్దుమీరిన జ్ఞానకాంక్ష, అధికారదాహం ఉంటాయి. ఇద్దరూ ఇతరుల ప్రాణాన్ని సాధనంగా చూస్తారు. భేదం ఫలితంలో ఉంది. శాస్త్రవేత్త సృష్టించినది అతని అదుపు తప్పుతుంది. విజ్ఞానం మీదనే అనుమానం మిగులుతుంది. మాంత్రికుని శక్తి మాత్రం తోటరాముని చేతికి వస్తుంది. శక్తి తప్పు కాదని, అది చేరిన చెయ్యే ముఖ్యమని కథ తేలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లయినా కాని దేశంలో తోటమాలి కొడుకు రాజ్యాధికారానికి చేరువ కావడాన్ని ప్రేక్షకులు ఆదరించడం సహజమే.

అచ్చులోనూ ఇదే వాతావరణం నెలకొంది. 1947 జులైలో మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు 'తోకచుక్క' (1954)తో ఆరంభమయ్యాయి. చిత్రా గీసిన బొమ్మల్లో వింతజంతువులు, శిథిల దుర్గాలు, కీకారణ్యాలు పిల్లల ఊహల్లో స్థిరపడ్డాయి. 'రాకాసిలోయ' అనే పేరు రాకాసికి చిరునామా ఇచ్చేసింది.

సైన్స్ ఫిక్షన్‌కు దక్షిణాదిలో ద్వారం పూర్తిగా మూసుకోలేదు. తమిళంలో ఎ. కాశిలింగం తీసిన 'కలై అరసి' (1963)లో ఒంగోలు ప్రాంతంలో జన్మించిన భానుమతి గాయనిగా నటించారు. గ్రహాంతరవాసులు ఆమెను ఎత్తుకుపోయేది తమ లోకానికి సంగీతం నేర్పించుకోవడానికి. భూమిని ఆక్రమించడానికి వచ్చే హాలీవుడ్ గ్రహాంతరవాసులకూ వీరికీ ఉన్న దూరమే ఇక్కడి కల్పన స్వభావాన్ని చెబుతుంది. అపహరణ, అన్వేషణ, విడుదల అనే జానపద కథా చట్రంలోకే అంతరిక్షనౌక కూడా వచ్చి చేరింది.

5. విఠలాచార్య - పొదుపు నేర్పిన శిల్పం:

అమెరికా చౌక చిత్రాలకు తెలుగులో సరైన సమాంతరం బి. విఠలాచార్య (1920-1999). కర్ణాటకలోని ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, కన్నడ చిత్రరంగంలో అనుభవం గడించి, 'కన్యాదానం' (1955)తో తెలుగులో అడుగుపెట్టాడు. 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) వంటి చిత్రాలతో జానపదబ్రహ్మగా పేరుపొందాడు. కోదాడ సమీపంలోని గుడిబండకు చెందిన కాంతారావు ఈ తరహా చిత్రాలకు ప్రధాన కథానాయకుడయ్యాడు.

వేసిన సెట్టును రంగు మార్చి మళ్లీ వాడుకోవడం, త్వరగా చిత్రీకరణ ముగించడం విఠలాచార్య పద్ధతులు. తారల తేదీలు దొరక్కపోతే ఆ పాత్రను శాపంతో చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపించేవాడన్న ముచ్చట చిత్రపరిశ్రమలో ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు వాస్తవమైనా, జానపద కథ నిర్మాతకు ఇచ్చిన వెసులుబాటును చక్కగా పట్టిచూపుతుంది. సాంఘిక చిత్రంలో నటుడు రాకపోతే షూటింగ్ ఆగిపోతుంది. జానపదంలో రూపపరివర్తనం కథాధర్మమే కనుక పని ఆగదు.

తంత్రాలు కూడా సరళమైనవే. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, అదే చోట జంతువును నిలిపి మళ్లీ తిప్పడం, ఫ్రేములో కొంతభాగాన్ని మూసి ఒకే నటుణ్ణి రెండుగా చూపే మాస్క్ షాట్, కోటలకు మినియేచర్లు, నల్లని నేపథ్యంలో నల్లదారాలతో ఆడించిన అస్థిపంజరాలు. 'జగన్మోహిని' (1978)లో కట్టెలకు బదులు తన కాలినే పొయ్యిలో పెట్టి వంట చేసే మోహిని దృశ్యం ఈ పొదుపు శిల్పానికి పరాకాష్ఠ. ఖరీదైన రాకాసి బొమ్మ అక్కరలేదు. నిత్యం చూసే వంటింటిలో ఒక్క వస్తువు తారుమారైతే చాలు, భయమూ నవ్వూ ఒకేసారి పుడతాయి. డ్రైవ్ ఇన్ ప్రేక్షకుడు అమెరికా నిర్మాతకు ఎలాంటివాడో, టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు ప్రేక్షకుడు విఠలాచార్యకు అలాంటివాడు. ఇద్దరినీ విమర్శకులు చిన్నచూపు చూశారు. ఇద్దరూ ఆ చిత్రాలను బతికించారు.

6. తెర మీది అడవి, మన్ననూరు అడవి:

ఈ పొదుపుకు మరో మూల్యం ఉంది. అణుప్రయోగశాల లేని కథకు రాకాసి నివాసంగా అడవి స్థిరపడింది. కథానాయకుడు అడవిలోకి వెళ్తాడు, గుహ చేరతాడు, మాంత్రికుణ్ణి జయిస్తాడు, రాజధానికి తిరిగివస్తాడు. ఈ ప్రయాణంలో అడవి దాటవలసిన అడ్డంకి. ఈకల కిరీటాలు, ముఖానికి రంగులు, డప్పుల నృత్యం, బలిపీఠం - ఇన్నీ కలిపిన 'ఆటవికులు' ఆ అడ్డంకిలో ఒక భాగం. వారికి తెగ పేరు ఉండదు, భాష ఉండదు, ఊరు ఉండదు.

నల్లమల ఇందుకు భిన్నమైన సాక్ష్యమిస్తుంది. నేటి నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలోని మన్ననూరు, హైదరాబాదు - శ్రీశైలం మార్గంలో ఆ అడవికి ముఖద్వారం. ఈ అమ్రాబాదు పీఠభూమి మీద 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ చెంచుల మధ్య క్షేత్రపరిశోధన చేశాడు. చెంచులపై ఆయన గ్రంథం 1943లో లండన్‌లో వెలువడింది. కర్రతో తవ్వితీసే దుంపలు, కొండచరియలకు తాళ్లు కట్టి దిగి తీసే తేనె, పెంటలుగా ఏర్పడిన ఆవాసాలు, వేటనూ అడవినీ కాపాడే గారెల మైసమ్మ - ఆయన నమోదు చేసిన అడవిలో ప్రతి చోటుకూ మనిషితో సంబంధం ఉంది. చెంచుల విశ్వాసంలో అడవిదేవత ఆహారమిచ్చే తల్లి.

అదే 1943లో తెలుగులో 'చెంచులక్ష్మి' చిత్రం వచ్చింది. 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో, అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించగా అదే పేరుతో మరో చిత్రం విజయం సాధించింది. అహోబిల నరసింహుడు చెంచులకు అల్లుడయ్యే కథ అది. అంటే తెలుగు సినిమాకు చెంచుల పేరు, వారి దైవబంధుత్వం తెలియనివి కావు. పౌరాణికంలో చెంచు స్త్రీ దేవేరి అయింది. జానపదంలో అడవి మనిషి బలిపీఠం దగ్గర కాపలాదారయ్యాడు. దుంపలు తవ్వుకుని, తేనె తీసి, పెంటలో బతికే మామూలు మనిషిగా ఈ రెండుచోట్లా అతడు దాదాపుగా కనిపించడు. గిరిజనుల పట్ల బయటి సమాజపు దృష్టికి సినిమా ఒక్కదాన్నే బాధ్యురాలిని చేయడం సరికాదు; అటవీచట్టాలు, పాలనావ్యవస్థలు అంతకన్నా బలంగా పనిచేశాయి. అయితే పాఠ్యపుస్తకం చేరని చోటికి కూడా టూరింగ్ టాకీసు చేరింది. అడవి అంటే ఏమిటో తెలియని పట్టణ, మైదాన ప్రేక్షకులకు అది ఇచ్చిన తొలిచిత్రం భయంతో గీసినది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. అమెరికా చౌక సైన్స్ ఫిక్షన్ చిత్రానికీ తెలుగు జానపద చిత్రానికీ నిర్మాణ పద్ధతుల్లో, ప్రేక్షకవర్గంలో సన్నిహిత సామ్యం ఉంది.

2. ఉన్మాద శాస్త్రవేత్త స్థానంలో తెలుగులో మాంత్రికుడు నిలిచాడు. అందువల్ల ఇక్కడి రాకాసి ఆధునిక విజ్ఞానాన్ని ప్రశ్నించే అవకాశం కోల్పోయింది. తెలుగులో యంత్రం కథకు కేంద్రమై విజయం సాధించడానికి సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) వరకు ఆగవలసి వచ్చింది.

3. రాకాసి నివాసంగా అడవి స్థిరపడడంతో అడవిలోని మనుషులు పేరులేని వేషాలుగా మిగిలారు. జానపద చిత్రాల పరిశోధన ఇకముందు కథామూలాలతోపాటు ఈ స్థలచిత్రణను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేడు మన్ననూరు దగ్గర అటవీశాఖ తనిఖీ కేంద్రం రాత్రి 9 గంటలకు వాహనాలను ఆపి, ఉదయం 6 గంటలకు వదులుతుంది. వాహనాల కింద పడి వన్యమృగాలు చనిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. 1950ల చిత్రాల్లో రాకాసి పట్టణంలోకి రాకుండా కాపలా కాసేవారు. మన్ననూరులో పట్టణం రాత్రివేళ అడవిలోకి పోకుండా గేటు వేస్తున్నారు. ఆ గేటుకు అవతలి పెంటల్లో చెంచులు జీవిస్తున్నారు. పులుల అభయారణ్యం నుంచి వారి తరలింపుపై చర్చ సాగుతున్న ఈ కాలంలో, తెర మీది అడవిలో వారికి దక్కని పేరును, ఊరును చరిత్రరచనలోనైనా నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.